రంగును నమ్మిన కొలత, వేగాన్ని నమ్మిన కొలత

2019లో విశ్వం కొలతలకు సంబంధించి రెండు ముఖ్యమైన పరిశోధన పత్రాలు వెలువడ్డాయి. మార్చిలో ‘నేచర్’ పత్రికలో గ్జెగోష్ పియెట్‌షిన్‌స్కీ బృందం మన పాలపుంతకు పొరుగునున్న పెద్ద మెజెల్లాన్ మేఘం దూరాన్ని ఒక శాతం ఖచ్చితత్వంతో తేల్చింది. ఆ ఏడాది చివర్లో ‘ఆస్ట్రోఫిజికల్ జర్నల్ లెటర్స్’లో మార్క్ రీడ్, డొమినిక్ పెస్చే, ఆడమ్ రీస్ కలిసి ఎన్‌జీసీ 4258 అనే గెలాక్సీ దూరాన్ని ఒకటిన్నర శాతం ఖచ్చితత్వంతో తేల్చారు. మొదటివారు ఆధారపడింది ఒకదాన్నొకటి కప్పుకుంటూ తిరిగే జంట తారల మీద. రెండోవారు ఆధారపడింది గెలాక్సీ నడిబొడ్డున మహా కృష్ణబిలం చుట్టూ తిరిగే నీటి ఆవిరి పంపే రేడియో తరంగాల మీద. విశ్వం ఎంత వేగంగా వ్యాకోచిస్తోందో చెప్పే లెక్కలో ఈ రెండు దూరాలూ పక్కపక్కనే కూర్చుంటాయి. అందుకే వీటిని విడివిడిగా మెచ్చుకుని ఊరుకుంటే చాలదు, ఎదురెదురుగా పెట్టి చదవాలి.

చదివే ముందే నా కొలబద్ద చెప్పేస్తాను. దోషపరిధి చిన్నదైనంత మాత్రాన కొలత గొప్పదైపోదు. లెక్క ఎక్కడైనా తప్పితే ఆ తప్పు పట్టుబడడానికి దానిలోనే ఎన్ని దారులు ఉన్నాయన్నది అసలు ప్రశ్న. ఈ కొలబద్దతో చూస్తే, శాతం లెక్కలో కాస్త వెనకబడినా నీటి ఆవిరి పత్రమే బలమైనదని నా అభిప్రాయం. అయితే అది ఒంటరిగా నిలబడగలదని మాత్రం అనను. ఎందుకో వివరిస్తాను.

తెలుగు నేలకు దూరమైన చర్చ కాదిది

హైదరాబాద్‌లోని చిలకలగూడ నుంచి సీతాఫల్‌మండి మీదుగా నడిచి వెళ్లేంత దూరంలోనే ఉంది ఉస్మానియా విశ్వవిద్యాలయం. అక్కడ 1959లో ఖగోళశాస్త్ర విభాగం ఏర్పడింది. 1964లో యూజీసీ దాన్ని ఉన్నత అధ్యయన కేంద్రంగా గుర్తించింది. 1968 చివర్లో హైదరాబాద్‌కు ఆగ్నేయంగా జపాల్, రంగాపూర్ గ్రామాల దగ్గర 48 అంగుళాల టెలిస్కోపు పనిలోకి వచ్చింది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం ఆ కేంద్రం మీదుగానే సాగింది గనుక చాలామందికి రంగాపూర్ పేరు ఆ రోజుతోనే గుర్తు. కానీ ఆ కేంద్రం ఏళ్ల తరబడి దీక్షగా చేసిన పని వేరే ఉంది. కె.డి. అభ్యంకర్, ఎం.బి.కె. శర్మ వంటి ఆచార్యులు, వారి శిష్యులు గ్రహణ జంట తారల వెలుగును రాత్రి వెంట రాత్రి కొలిచి, వాటి వ్యాసార్ధాలు, ద్రవ్యరాశులు లెక్కగట్టారు. పియెట్‌షిన్‌స్కీ బృందం మెజెల్లాన్ మేఘంలో చేసిన పనిలో మొదటి సగం అచ్చంగా అదే. నీటి ఆవిరి పత్రంలోని గణితం కూడా ఆ చదువు చదివిన వారికి కొత్తది కాదు. తిరిగే వస్తువు వేగమూ, ఆ వేగం మారే తీరూ తెలిస్తే దాని కక్ష్యను కిలోమీటర్లలో చెప్పవచ్చునన్న ఒక్క సూత్రం చుట్టూనే రెండు సంప్రదాయాలూ అల్లుకున్నాయి.

ఆకాశంలో ఈ రెండూ మనకు ఎక్కడ కనిపిస్తాయో కూడా చూద్దాం. చిలకలగూడ డాబాల మీద నుంచి ఏప్రిల్, మే రాత్రుల్లో ఉత్తరానికి తిరిగి నిలబడితే ఎన్‌జీసీ 4258 ఉన్న చోటు దిగంతానికి దాదాపు 60 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. కంటికి అందేంత కాంతి దానికి లేదుగానీ, చిన్న టెలిస్కోపు ఉండి, నగరపు వెలుగుకు దూరంగా వెళ్తే మసక మచ్చలా దొరుకుతుంది. మెస్సియే జాబితాలో అది ఎం106. పెద్ద మెజెల్లాన్ మేఘం నడిబొడ్డు మాత్రం మన అక్షాంశం నుంచి దక్షిణ దిగంతానికి మూడు డిగ్రీల ఎత్తు కూడా దాటదు. ధూళిలో, భవనాల వెనక కలిసిపోతుంది. అంటే మన ఆకాశంలో పైకెక్కి కనిపించేది 2 కోట్ల 47 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న గెలాక్సీ. మనకు చిక్కనిది కేవలం 1,62,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న పొరుగు మేఘం.

పోలిక కుదిరే చోటు

రెండు పత్రాల చివరి మెట్టు ఒక్కటే. ఒక వస్తువు అసలు పరిమాణాన్ని కిలోమీటర్లలో తెలుసుకుంటారు. అదే వస్తువు ఆకాశంలో ఎంత కోణం ఆక్రమిస్తుందో తెలుసుకుంటారు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే దూరం వస్తుంది. ఇందులో తార అసలు కాంతి ఇంత అని ముందే ఊహించుకోవడం లేదు. దగ్గరి దూరాల ఆధారంగా ఇంకా పెద్ద దూరాలను కొలిచే ‘దూరపు నిచ్చెన’లో కింది మెట్టును నమ్మి పై మెట్టెక్కడం లేదు. అందుకే వీటిని జ్యామితీయ కొలతలంటారు.

రెండింటికీ ఒకే అదృష్టం కూడా కావాలి. జంట తారల కక్ష్య మన చూపురేఖకు దాదాపు అంచుగా ఉండాలి. లేకపోతే గ్రహణమే పట్టదు. నీటి ఆవిరి చక్రం కూడా అంచుగానే ఉండాలి. లేకపోతే తరంగాలు బలపడి మన వైపు రావు. ప్రకృతి ఏర్పరచిన లెక్కలేనన్ని జంటల్లో, చక్రాల్లో మన వైపు అంచు తిప్పి ఉన్న కొద్దింటి మీదనే ఈ శాస్త్రం నడుస్తోంది. ఇంత పోలిక ఉన్నా, కోణాన్ని సంపాదించే దగ్గర రెండు దారులూ పూర్తిగా విడిపోతాయి.

గ్రహణాల పత్రం

గ్రహణ జంట అంటే ఏమిటో మన కంటితోనే చూడవచ్చు. శీతాకాలపు సాయంత్రాల్లో తల మీదకు వచ్చే ఆల్గాల్ తార 2 రోజుల 20 గంటల 49 నిమిషాలకొకసారి మసకబారుతుంది. మామూలుగా 2.1 ప్రకాశ పరిమాణంతో వెలిగేది 3.4కు దిగిపోతుంది (ఈ లెక్కలో అంకె పెరిగితే వెలుగు తగ్గినట్టు). నగరపు వెలుగులో మామూలప్పుడు తేలిగ్గా దొరికే ఆ తార గ్రహణం నడుమ కంటికి చిక్కీ చిక్కనట్టు ఉంటుంది. కొన్ని గంటల తర్వాత మళ్లీ తేరుకుంటుంది. చల్లని పెద్ద తార వేడి చిన్న తారకు అడ్డం రావడమే దీనికి కారణం. ఈ ఆలోచనను 1783లో జాన్ గుడ్రిక్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రాడు ప్రకటించాడు.

ఆ వెలుగు తగ్గే తీరును గీతగా గీస్తే అందులో బోలెడు సమాచారం ఉంటుంది. గ్రహణం ఎంతసేపు పట్టింది, పల్లం ఎంత లోతు, అంచులు ఎంత ఏటవాలుగా ఉన్నాయి అనేవాటిని బట్టి కక్ష్య పరిమాణంలో తారల వ్యాసార్ధం ఎన్నో వంతో తెలుస్తుంది. వర్ణపటంలో గీతలు ఎరుపు వైపు, నీలం వైపు జరిగే తీరు కక్ష్యా వేగాన్ని సెకనుకు కిలోమీటర్లలో ఇస్తుంది. వేగానికి తిరిగే కాలం తోడైతే కక్ష్య కిలోమీటర్లలో వస్తుంది. దాంతో తారల వ్యాసార్ధమూ వస్తుంది. రంగాపూర్ ఆచార్యులు చేసింది ఈ పనే.

మెజెల్లాన్ మేఘంలో ఈ పని చేయడానికి పియెట్‌షిన్‌స్కీ బృందం ఎంచుకున్నవి 20 జంటలు. అన్నీ చల్లబడిన రాక్షస తారలే. వీటిలో కొన్నింటికి ఒక చుట్టు తిరగడానికే నెలలు పడుతుంది. చిలీలోని లాస్ కంపానాస్ నుంచి ఓగిల్ అనే పోలండ్ పరిశీలన పథకం ఏళ్ల తరబడి కోట్ల తారలను గమనించబట్టే అలాంటి జంటలు దొరికాయి. 2013లో ఇదే బృందం 8 జంటలతో రెండు శాతం ఖచ్చితత్వం సాధించింది. ఆరేళ్లలో జంటలు 20 అయ్యాయి, దోషం సగమైంది. ఫలితం 49.59 కిలోపార్సెక్‌లు, అంటే పైన చెప్పిన 1,62,000 కాంతి సంవత్సరాలు. ఇంత ఓపిక ఉన్న పని చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

ఇక కోణం సంగతి. అంత దూరంలో తార వ్యాసం ఆక్రమించే కోణాన్ని నేరుగా చూడగల సాధనం లేదు. కనుక వారు రంగును ఆశ్రయించారు. తార రంగును బట్టి దాని ఉపరితలం ప్రతి చదరపు గజం నుంచి ఎంత వెలుగు చిమ్ముతుందో చెప్పే సంబంధం ఒకటుంది. దాన్ని మన దగ్గరి రాక్షస తారల మీద, వాటి కోణీయ వ్యాసాన్ని ఇంటర్‌ఫెరోమీటర్‌తో నేరుగా కొలిచి, స్థిరపరిచారు. ఆ సంబంధాన్ని మెజెల్లాన్ మేఘానికి తీసుకెళ్లి అక్కడి తారల కోణాన్ని రాబట్టారు. పత్రంలో నేరుగా చూడకుండా పరోక్షంగా రాబట్టిన ప్రధానమైన మెట్టు ఇదే.

నీటి ఆవిరి పత్రం

మేసర్ అంటే రేడియో తరంగాలకు లేసర్ లాంటిది. నీటి అణువు ఒక శక్తి స్థాయి నుంచి కింది స్థాయికి జారినప్పుడు 22.235 గిగాహెర్ట్జ్ దగ్గర, అంటే 1.35 సెంటీమీటర్ల నిడివి గల తరంగాన్ని వదులుతుంది. పై స్థాయిలో అణువులు ఎక్కువగా పేరుకుపోయిన చోట, దారిలో వచ్చే అలాంటి తరంగం ప్రతి అణువునూ కదిలించుకుంటూ బలం పెంచుకుంటుంది. 1969లో చార్లెస్ టౌన్స్ బృందం మన గెలాక్సీలోనే ఈ నీటి తరంగాన్ని పట్టింది. క్రియాశీల గెలాక్సీల నడుమ ఇది మరీ తీవ్రంగా ఉంటుంది. కృష్ణబిలం దగ్గర్లో పుట్టే ఎక్స్-కిరణాలు చుట్టూ ఉన్న వాయువును కొన్ని వందల డిగ్రీలకు వేడెక్కించి, ఆ ఆవిరిని మేసర్‌కు అనువుగా తయారు చేస్తాయి.

ఎన్‌జీసీ 4258లో నీటి మేసర్‌ను 1984లో క్లాసెన్, హైలిగ్‌మన్, లో కనుగొన్నారు. ఆ వెలుగు గెలాక్సీ సొంత వేగానికి దగ్గరి వేగాల్లోనే ఉంది. కథ మలుపు తిరిగింది 1993లో. జపాన్‌లోని నొబెయామా 45 మీటర్ల రేడియో టెలిస్కోపుతో నకాయ్, ఇనోవే, మియోషి చాలా వెడల్పైన వేగాల పరిధిని చూశారు. గెలాక్సీ వేగానికి అటు వెయ్యి, ఇటు వెయ్యి కిలోమీటర్ల తేడాతో మరో రెండు గుంపులు బయటపడ్డాయి. సెకనుకు వెయ్యి కిలోమీటర్ల వేగంతో నీటి ఆవిరి పరుగెత్తుతోందంటే దాన్ని పట్టి ఉంచే బరువు నడుమ ఉండి తీరాలి.

రెండేళ్లకు, 1995లో, మియోషి బృందం వీఎల్‌బీఏ సాయంతో ఆ చుక్కల పటం గీసింది. హవాయి నుంచి కరీబియన్‌లోని సెయింట్ క్రోయ్ దాకా పరిచిన పది 25 మీటర్ల యాంటెన్నాలు కలిసి ఒకే టెలిస్కోపుగా పనిచేసే అమరిక అది. చుక్కలన్నీ దాదాపు ఒక సన్నని గీత మీద పడ్డాయి. నడుమ నుంచి దూరం పెరిగే కొద్దీ వేగం దూరపు వర్గమూలానికి విలోమంగా తగ్గుతూ పోయింది. సూర్యుడి చుట్టూ గ్రహాల విషయంలో కెప్లర్ చెప్పిన నియమమే అక్కడా అక్షరాలా నడుస్తోంది. అర కాంతి సంవత్సరం వ్యాసార్ధం కూడా లేని జాగాలో కోట్ల సూర్యుల బరువు ఇరుక్కుని ఉందని తేలింది. ఇప్పటి లెక్కలో అది సుమారు 4 కోట్ల సూర్యుల ద్రవ్యరాశి. గెలాక్సీల నడుమ మహా కృష్ణబిలాలు ఉంటాయన్న మాటకు అప్పటికి దొరికిన అతి గట్టి సాక్ష్యాల్లో ఇదొకటి.

దూరం ఎలా వచ్చిందో ఒక చేతి లెక్కతో చూద్దాం. మనకు ఎదురుగా, చక్రం ముందువైపు ఉన్న చుక్కల వేగం ఏటేటా సెకనుకు ఎనిమిదిన్నర కిలోమీటర్ల చొప్పున మారుతుంది. వృత్తంలో తిరిగే వస్తువుకు కేంద్రం వైపు ఉండే త్వరణమే అది. ఆ వ్యాసార్ధంలో ఆవిరి వేగం సెకనుకు సుమారు 1,080 కిలోమీటర్లు. వేగ వర్గాన్ని త్వరణంతో భాగిస్తే వ్యాసార్ధం వస్తుంది. అది సుమారు 4.3 లక్షల కోట్ల కిలోమీటర్లు, అంటే 0.14 పార్సెక్. పటంలో స్థానం మారే కొద్దీ వేగం మారే తీరును బట్టి, ఆ చుక్కలు కేంద్రానికి 3.9 మిల్లీ ఆర్క్‌సెకన్ల వ్యాసార్ధంలో తిరుగుతున్నాయని తెలుస్తుంది. ఆ వ్యాసార్ధపు పొడవును, రేడియన్లలోకి మార్చిన ఈ కోణంతో భాగించండి. 74 లక్షల పార్సెక్‌ల చిల్లర వస్తుంది. చక్రం వంపును, కక్ష్యలు పూర్తి వృత్తాలు కాకపోవడాన్ని, వందలాది చుక్కలను అన్నింటినీ కలిపి చేసిన రీడ్ పత్రపు జవాబు 75.76 లక్షల పార్సెక్‌లు. ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంతో వేసిన లెక్క ఆ మహా గణనకు రెండు మూడు శాతం దూరంలోకి వచ్చి నిలబడుతుంది. దీన్ని మించిన నిర్మలమైన వాదన ఖగోళశాస్త్రంలో నాకు అరుదుగా తగిలింది.

ఎవరు ఎంత అరువు తెచ్చుకున్నారు

ఇప్పుడు రెండు పత్రాల దోషపరిధులను పక్కపక్కన పెట్టి చదవండి. విమర్శకుడికి అసలైన పాఠం అక్కడే ఉంది. మెజెల్లాన్ దూరంలో యాదృచ్ఛిక దోషం 0.09 కిలోపార్సెక్, వ్యవస్థాగత దోషం 0.54. రెండోది మొదటిదానికి ఆరు రెట్లు. ఎన్‌జీసీ 4258 దూరంలో యాదృచ్ఛిక దోషం 0.082 మెగాపార్సెక్ (మెగాపార్సెక్ అంటే పది లక్షల పార్సెక్‌లు), వ్యవస్థాగత దోషం 0.076. రెండూ దాదాపు సమానం.

ఈ అంకెల అర్థం ఇది. మోండా మార్కెట్‌లో ఇరవై మంది వర్తకులు నిజాయితీగా తూచినా అందరి తక్కెడలోనూ ఒకే దుకాణం నుంచి తెచ్చిన రాయి ఉంటే, రాయి తేడా అందరి తూకంలోనూ ఒకే వైపు పడుతుంది. ఇరవై తూకాలు ఒకదానితో ఒకటి కలిసినంత మాత్రాన ఆ తేడా బయటపడదు. మెజెల్లాన్ మేఘంలో 20 జంటలూ చక్కగా ఒకే జవాబు చెప్పాయి. కనుకనే యాదృచ్ఛిక దోషం అంత చిన్నది. కానీ అన్నీ ఒకే రంగు సంబంధాన్ని వాడాయి. ఆ సంబంధంలో ఉన్న అనిశ్చితిని ఇంకో ఇరవై జంటలు చేర్చినా తగ్గించలేం. పియెట్‌షిన్‌స్కీ బృందం దీన్ని దాచలేదు. పైగా ఆ సంబంధాన్నే కొత్తగా, జాగ్రత్తగా కొలిచి తెచ్చుకుంది. 2013 నుంచి 2019 దాకా వచ్చిన మెరుగుదలలో పెద్ద వాటా దానిదే.

నీటి ఆవిరి పత్రం బయటి నుంచి రాయి తెచ్చుకోలేదు. కోణం పటంలో ఉంది, వేగం వర్ణపటంలో ఉంది, త్వరణం ఏళ్ల పరిశీలనలో ఉంది. మూడూ ఒకే చక్రానివి. అంతేకాదు, అదే చక్రం రెండో దారి కూడా ఇస్తుంది. ముందువైపు చుక్కలు మన చూపుకు అడ్డంగా జరుగుతూ ఏటా 30 మైక్రో ఆర్క్‌సెకన్ల చిల్లర కదులుతాయి. వేగాన్ని ఈ కదలికతో భాగించినా దూరమే వస్తుంది. 1999లో హెర్న్‌స్టైన్ బృందం రెండు దారుల్లోనూ లెక్కవేసి చూసింది, జవాబులు కలిశాయి. తన తప్పును తానే పట్టుకోగల ఏర్పాటు ఆ చక్రంలోనే ఉందనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఎదురుదాడి తట్టుకున్న తీరు

అయితే నీటి ఆవిరి పక్షానికి వేరే బలహీనత ఉంది. అది నమూనాను నమ్ముకుంది. చక్రం పలుచగా ఉంది, కొద్దిగా వంగి ఉంది, చుక్కల కదలిక నిజంగా వాయువు కదలికే అన్న మాటలు ఆ నమూనాలో భాగం. 1998లో మావోజ్, మెకీ ఈ మూడో మాటనే ప్రశ్నించారు. మేసర్ చుక్కలు చక్రంలోని సర్పిల ఆకారపు అభిఘాత తరంగాల్లో పుడుతుంటే, మనం చూసే కదలిక వాయువుది కాక ఆ అలది కావచ్చునన్నారు. చాలా పదునైన ఆక్షేపణ అది. నిలిచి ఉంటే దూరం లెక్క కూలిపోయేది. దానికి జవాబు 2000లో బ్రాగ్ బృందం నుంచి వచ్చింది. వేగంగా పోయే చుక్కల త్వరణాలు చాలా చిన్నవనీ, కొన్ని అటు, కొన్ని ఇటు ఉన్నాయనీ కొలిచి చూపారు. చక్రం పక్క అంచుల దగ్గర నిజంగా తిరిగే వాయువు నుంచి ఆశించేది అదే. అల నమూనా చెప్పిన తీరుతో అది పొసగలేదు. ఆక్షేపణకు వాదనతో కాక కొలతతో జవాబు దొరకడం ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం.

1999లో 7.2 మెగాపార్సెక్‌లన్న దూరం 2013లో హంఫ్రీస్ బృందం చేతిలో 7.6 అయింది. ఐదు శాతం మార్పు అంటే తక్కువ కాదు. దీన్ని మేసర్ పద్ధతి మీద మచ్చగా చూపేవారున్నారు. నాకు అది మచ్చలా అనిపించదు. మరిన్ని పరిశీలనలు తోడై, కక్ష్య ఆకారం మీద పట్టు పెరిగే కొద్దీ జవాబు జరిగింది. 2019లో అవే పరిశీలనలను మెరుగైన పద్ధతితో మళ్లీ విశ్లేషించినప్పుడు జవాబు దాదాపు అక్కడే నిలిచి, దోషం మాత్రం తగ్గింది. మారాల్సిన చోట మారి, నిలవాల్సిన చోట నిలిచిన అంకె అది.

సంఖ్య విషయంలో మాత్రం గ్రహణాల పక్షానిదే పైచేయి. ఒక మేఘంలో 20 సాక్ష్యాలు ఒకవైపు, ఒక గెలాక్సీలో ఒకే చక్రం ఇంకోవైపు. వేల గెలాక్సీలను వెతికితే నూటికి కొద్దింటిలోనే నీటి మేసర్ దొరుకుతుంది. దొరికినవాటిలోనూ ఎన్‌జీసీ 4258 అంత పద్ధతిగా ఉన్నవి అరుదు. ఎన్‌జీసీ 1068లో వేగం కెప్లర్ చెప్పినంత త్వరగా తగ్గదు. సిర్సినస్ గెలాక్సీలో మేసర్ చుక్కలు చక్రంలోనే కాక బయటకు వీచే గాలిలోనూ ఉన్నాయి. ఇలాంటివి కృష్ణబిలం పరిసరాలు అర్థం చేసుకోవడానికి నిధులే గానీ, దూరం కొలవడానికి పనికిరావు.

ఇంకో తేడా కూడా చెప్పాలి. గ్రహణ జంటల పని ఒక విశ్వవిద్యాలయ విభాగం, ఒక మధ్యస్థాయి టెలిస్కోపు చేయగలిగింది. రంగాపూర్ దానికి నిదర్శనం. నీటి మేసర్‌కు ఖండం వెడల్పు యాంటెన్నాల వరస కావాలి. మన దేశపు గర్వకారణమైన ఖోడద్‌లోని జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపుల సముదాయం పనిచేసేది దాదాపు 1.45 గిగాహెర్ట్జ్ లోపు గనుక 22 గిగాహెర్ట్జ్ తరంగం దాని పరిధిలోకి రాదు. ఎక్కువమంది చేయగల పనిని ఎక్కువమంది సరిచూడగలరు. ఈ గుణం గ్రహణాల సంప్రదాయానికి దక్కాల్సిన గౌరవం.

హబుల్ తగువులో ఇద్దరి స్థానం

విశ్వ వ్యాకోచ వేగాన్ని చెప్పే హబుల్ స్థిరాంకం మీద ఇప్పుడు పెద్ద తగువు నడుస్తోంది. విశ్వం తొలినాళ్ల వెలుగును చదివిన ప్లాంక్ ఉపగ్రహం ఇచ్చిన విలువ మెగాపార్సెక్ దూరానికి సెకనుకు 67.4 కిలోమీటర్లు, దోషం 0.5. దగ్గరి గెలాక్సీల నుంచి మెట్టుమెట్టుగా ఎక్కి కొలిచినవారి విలువ 73 చుట్టూ ఉంది. రీడ్ పత్రం ప్రకారం ఎన్‌జీసీ 4258 ఒక్కదాన్నే ఆధారంగా తీసుకుంటే 72.0, దోషం 1.9. మెజెల్లాన్ గ్రహణ జంటలను, పాలపుంత తారల దూరాలను కూడా కలిపితే 73.5, దోషం 1.4. రంగును నమ్మిన కొలత, వేగాన్ని నమ్మిన కొలత ఒకే నిచ్చెనకు రెండు వైపుల నుంచి ఊతమిచ్చినా, నిచ్చెన చెప్పే జవాబు పెద్దగా కదల్లేదు. రంగు సంబంధంలో దాగిన దోషం, చక్రం నమూనాలో దాగిన దోషం ఒకే వైపుకు, ఒకే మోతాదులో తప్పాలంటే అది చాలా కష్టం. రెండు పత్రాలూ కలిసి సాధించిన అసలు విజయం ఇదే.

నిచ్చెన ఎక్కేవారిలోనే ఇంకో పక్షం, అంటే ఎర్ర రాక్షస తారల గరిష్ఠ కాంతిని వాడి 70 చుట్టూ విలువ చెప్పేవారు కూడా తమ నిచ్చెనకు ఎన్‌జీసీ 4258ను ఆధారంగా వాడారు. ఈ రెండు పక్షాలూ ఒకే అంకెను నమ్ముతున్నాయంటే, వాటి మధ్య తేడా ఆ అంకె దగ్గర లేదన్నమాట. అది పైమెట్లలో ఉంది.

నీటి ఆవిరి ఇంకో అడుగు ముందుకేసింది. నిచ్చెనే లేకుండా, నేరుగా దూరపు గెలాక్సీల్లోని మేసర్ చక్రాలను కొలిచే పథకం మెగామేసర్ కాస్మాలజీ ప్రాజెక్టు. 2020లో ఆరు గెలాక్సీలతో వారు ఇచ్చిన విలువ 73.9, దోషం 3.0. ప్లాంక్‌తో తేడా ఉందిగానీ, తగువు తేల్చేంత పదును దానికింకా రాలేదు. దాని విలువ ఆ పదునులో కాదు, స్వతంత్రతలో ఉంది. నిచ్చెనకు కావలసిన స్పందన తారలు, పేలే నక్షత్రాలు, ధూళి దిద్దుబాట్లు ఏవీ అందులో లేవు. గ్రహణ జంటలు తమ బలంతో అంత దూరం వెళ్లలేవు, ఎందుకంటే విడి తారలు అంత దూరంలో విడిగా కనిపించవు.

నా తీర్పు

ఖచ్చితత్వంలో, సంఖ్యలో, ఇతరులు సరిచూసే వీలులో గ్రహణాల పత్రం ముందుంది. అరువు లేకపోవడంలో, తనను తాను సరిచూసుకోవడంలో, దూరం పోగలగడంలో నీటి ఆవిరి పత్రం ముందుంది. నా కొలబద్ద ప్రకారం రెండోదానికే పెద్దపీట. అయినా ఎన్‌జీసీ 4258 తన పక్కన మెజెల్లాన్ మేఘం లేకుండా ఉంటే నేను ఇంత ధైర్యంగా ఈ మాట అనేవాణ్ణి కాదు. ఒకే ఒక్క చక్రం ఎంత నిర్మలంగా ఉన్నా దాని మాటను వేరే సాక్ష్యంతో పోల్చి చూడాల్సిందే.

ఈ తీర్పు మారే పరిస్థితి ఏమిటో కూడా చెప్పడం న్యాయం. ఎన్‌జీసీ 4258 అంత దగ్గరగా, అంత పద్ధతిగా ఉన్న రెండో చక్రం దొరికి, అది చూపే దూరం ఆ గెలాక్సీలోని తారలు చూపే దూరంతో పొసగకపోతే, చక్రం నమూనా మీద నాకున్న నమ్మకాన్ని వెనక్కి తీసుకుంటాను. రంగు సంబంధాన్ని మరింత మెరుగుపరిచి, దాని దోషాన్ని యాదృచ్ఛిక దోషం స్థాయికి దించగలిగితే గ్రహణాల పత్రాన్నే ముందు నిలబెడతాను.

మన డిగ్రీ కళాశాలల భౌతికశాస్త్ర తరగతుల్లో ఈ రెండు పత్రాలనూ ఒకే వారంలో పక్కపక్కన పెట్టి చెప్పాలి. ఎన్‌జీసీ 4258 చుక్కల స్థానాలు, వేగాలు పరిశోధన పత్రాల్లో పట్టికలుగా అచ్చయి ఉన్నాయి. రంగాపూర్ ఆచార్యుల కాంతి గీతలు కూడా పత్రికల్లో ఉన్నాయి. విద్యార్థి ఒక రోజు ఆ గీతతో, వర్ణపటపు వేగాలతో తార వ్యాసార్ధం, బరువు తీయాలి, మరో రోజు ఆ పట్టిక నుంచి కృష్ణబిలం బరువు తీయాలి. రెండు చోట్లా తాను వాడుతున్నది ఒకే కెప్లర్ నియమమని తన చేతి లెక్కలోనే తెలుసుకున్న విద్యార్థికి, ఇంకొకరి అంకెను చూసినప్పుడు ఇందులో అరువు ఎంత అని అడిగే అలవాటు వస్తుంది. విజ్ఞానశాస్త్రంలో విమర్శ మొదలయ్యేది ఆ ప్రశ్నతోనే.